బస్సెక్కి వచ్చిన ఫైలు

2010 మే నెల. తమిళనాట ప్లస్ టూ ఫలితాలు రేపో ఎల్లుండో వస్తాయనగా గుడియాత్తం నుంచి చిన్నాయన ఫోన్ చేశాడు. నేనప్పుడు వేలూరులో ఉద్యోగం చేస్తున్నాను. ఆయనది చిన్న జిరాక్స్ అంగడి. జిరాక్స్ మిషను, కంప్యూటరు, ప్రింటరు ఒక్కొక్కటే ఉండేవి. ఫలితాలొచ్చే రోజు పిల్లలు నంబరు చీటీలు పట్టుకొని ఆ అంగడి ముందు నిలబడతారు. ఏడాదిలో ఆయనకు ఇంటర్నెట్ తప్పనిసరిగా కావలసిన రోజులు నాలుగైదు ఉంటే, అందులో ఇది మొదటిది.

"నెట్ పొయ్యిందిరా అబ్బోడా. పొద్దన్నుంచీ రాలా."

"లైన్ పొయ్యిందేమో చిన్నాయనా. ఫోన్ పలుకుతా ఉందా?"

"ఫోన్ బాగుండాది. మోడెం మింద లైట్లన్నీ వెలగతా ఉండాయి. కంప్యూటర్ ఎనకాల ఆ పచ్చ లైటు గూడా మినుకుమినుకుమంటా ఉండాది. లైన్‌మేన్ వచ్చి చూసి, మా పక్క ఏమీ లేదని చెప్పి పొయినాడు."

లైన్‌మేన్ చెప్పింది నిజమే. చిన్నాయన చెప్పిందీ నిజమే. ఈ రెండు నిజాలకూ మధ్య ఎక్కడో ఒక చోట దారి తెగింది. ఆ చోటు వెతకడం ఎలాగో, ఆ రోజు తెగింది ఏమిటో, అది ఎందుకు తెగిందో చెప్పడానికే ఈ వ్యాసం.

కరెంటు పోయింది అన్నట్టే మనం నెట్ పోయింది అంటాం. కరెంటుకు ఆ మాట సరిపోతుంది. బల్బు వెలిగితే ఉన్నట్టు, వెలగకపోతే లేనట్టు. ఇంటర్నెట్ అలాంటిది కాదు. అది ఒక ప్రయాణం. బ్రౌజర్‌లో మనం టైపు చేసిన మాట కంప్యూటర్ లోపల నాలుగైదు చేతులు మారి, కార్డులోంచి తీగలోకి దిగి, మోడెం దాటి, ఊరి ఎక్స్ఛేంజి దాటి, ఎక్కడో ఉన్న సర్వరును తాకి మళ్ళీ వెనక్కి రావాలి. ఆ దారిలో ఏ మెట్టు విరిగినా కంటికి కనిపించేది ఒకే తెల్ల పేజీ. కాబట్టి "నెట్ ఉందా, పోయిందా" అని అడిగితే ఏమీ తెలియదు. "ఎక్కడిదాకా ఉంది?" అని అడగాలి.

అలా అడగడానికి ప్రతి కంప్యూటర్‌లోనూ ఒక పనిముట్టు ఉంది. దాని పేరు పింగ్. అమెరికా సైన్యపు పరిశోధనశాలలో పనిచేసిన మైక్ మూస్ 1983 డిసెంబరులో ఒక సాయంత్రం కూర్చొని రాసిన చిన్న ప్రోగ్రాం అది. నీటిలోని జలాంతర్గామిని వెతకడానికి ఓడలోంచి శబ్దం పంపి ప్రతిధ్వని కోసం చెవి ఒగ్గుతారు కదా, ఆ శబ్దం పేరే దీనికి పెట్టాడు. ఒక చిరునామాకు పింగ్ పంపితే, అక్కడ యంత్రం ఉండి దారి బాగుంటే "ఆఁ, ఉన్నా" అని జవాబొస్తుంది. దగ్గరి చిరునామాతో మొదలుపెట్టి ఒక్కో అడుగూ దూరంగా పిలుస్తూ పోతే, జవాబు ఎక్కడ ఆగిపోయిందో అక్కడే తెగిందన్న మాట.

ఆ దగ్గరి చిరునామా అన్నిటికన్నా విచిత్రమైంది. 127.0.0.1. ప్రపంచంలో ఏ కంప్యూటర్‌కైనా ఆ అంకెకు అర్థం "నేనే". ఆ చిరునామాకు పంపిన పింగ్ తీగలోకి దిగదు. కంప్యూటర్ లోపల నెట్‌వర్కు పని చూసే భాగం దాకా వెళ్ళి అక్కడే తిరుగుతుంది. కేబులు పీకేసినా జవాబు రావాలి, మోడెం ఆపేసినా రావాలి. అది కూడా రాకపోతే లైన్‌మేన్‌ను తిట్టి లాభం లేదు, జబ్బు కంప్యూటర్ ఒంట్లోనే ఉంది.

చిన్నాయన చేత ఆ నల్ల స్క్రీన్ తెరిపించి ఒక్కో అక్షరం చెప్పి కొట్టించాను. ఆయన ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కొని చదివాడు.

"అనేబుల్ టు కాంటాక్ట్ ఐపీ డ్రైవర్. ఎర్రర్ కోడ్ రెండు."

నాకు కావలసింది ఆ చివరి రెండు. విండోస్ తన లోపాలకు నంబర్లు పెట్టుకుంటుంది. తలుపు తాళం వేసి ఉంది, నీకు అనుమతి లేదు అనడానికి 5. చెప్పిన ఫోల్డరే లేదు అనడానికి 3. 2 అంటే చెప్పిన ఫైలు కనబడలేదు. డాస్ కాలం నుంచీ ఈ అంకెలకు ఈ అర్థాలే. అంటే "ఐపీ డ్రైవరును పలకరించలేకపోయాను" అన్న వాక్యం పక్కన ఆ 2 ఉంటే, పలకరించాల్సినవాడు ఇంట్లోనే లేడని అర్థం.

సీ డ్రైవ్‌లో విండోస్, అందులో సిస్టమ్32, అందులో డ్రైవర్స్. ఆ ఫోల్డర్‌లోకి పోయి టీ అక్షరం దగ్గర ఏమేమి ఉన్నాయో చదవమన్నాను.

"టేప్ ఉండాది. దాని కింద టీసీపీఐపీ ఆరు ఉండాది. మళ్ళా టీడీఐ ఉండాది."

"ఆరు లేకుండా వట్టి టీసీపీఐపీ లేదా చిన్నాయనా?"

"లేదురా. ఆరు ఉండేదే ఉండాది."

పోయింది అదే. టీసీపీఐపీ.సిస్. విండోస్ ఎక్స్‌పీలో మూడున్నర వందల కిలోబైట్ల ఫైలు. ఫోన్‌తో తీసిన మామూలు ఫోటో కన్నా చిన్నది.

ఇంత చిన్న ఫైలు లేకపోతే ఇంత పెద్ద ఇంటర్నెట్ ఎందుకు ఆగాలి? ఇంటర్నెట్ అంటే తీగ కాదు కాబట్టి. ఇంటర్నెట్ అంటే ఒక ఒప్పందం. పంపవలసిన దాన్ని చిన్న ముక్కలుగా కోయాలి, ప్రతి ముక్క మీదా పంపేవాడి చిరునామా, అందుకునేవాడి చిరునామా రాయాలి, ముక్కలకు వరుస నంబర్లు వేయాలి, అటువైపు చేరాక వరుసలో పేర్చాలి, రాని ముక్కను మళ్ళీ పంపమని అడగాలి. వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ 1974లో ఈ ఒప్పందాన్ని ఒక పత్రంగా రాశారు. 1983 జనవరి 1న అమెరికాలోని అర్పానెట్ మొత్తం దానికి మారింది. టీసీపీ, ఐపీ అన్న పేర్లు ఆ ఒప్పందానివే. మన కంప్యూటర్‌లో ఆ ఒప్పందం తెలిసిన పనివాడే ఆ ఫైలు.

మొదట్లో ఆ పనివాడు విండోస్‌తో పాటు వచ్చేవాడు కాదు. విండోస్ 3.1 వాడే వాళ్ళు టాస్మేనియాలో పీటర్ టాటమ్ రాసిన ట్రంపెట్ విన్‌సాక్ లాంటి ప్రోగ్రాం విడిగా తెచ్చి పెట్టుకోవాల్సి వచ్చేది. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది. అదే నెల 24న విండోస్ 95 విడుదలైంది, ఆ ఒప్పందాన్ని తన ఒంట్లోనే పెట్టుకొని. తొమ్మిది రోజుల తేడాలో తీగ ఒకటి, ఆ తీగకు తగిన పనివాడు ఒకడు మన దగ్గరికి వచ్చారు. ఆ తర్వాత పుట్టిన తరానికి ఈ రెండూ వేరువేరన్న సంగతే తెలియదు.

మా గుడియాత్తం అగ్గిపెట్టెల ఊరు. అక్కడివాళ్ళకు ఇది చెప్పడం సులభం. పుల్ల తలకు అంటించిన మందులో పొటాషియం క్లోరేట్ ఉంటుంది. పెట్టె పక్కన పూసిన గీతలో ఎర్ర భాస్వరం ఉంటుంది. రెండూ రాసుకుంటేనే మంట. ఆ గీత లేని పెట్టెలో యాభై పుల్లలున్నా పొయ్యి వెలగదు. పుల్ల మంచిదే, మందు మంచిదే, పొడిగానూ ఉంది. చిన్నాయన అంగడిలో ఆ రోజు జరిగింది సరిగ్గా ఇదే. తీగ మంచిది, మోడెం మంచిది, కార్డు మంచిది.

మరి ఆ పచ్చ లైటు సంగతేమిటి? చాలామంది మోసపోయేది దాని దగ్గరే. ఆ లైటు వెలగడానికి టీసీపీఐపీ అక్కర్లేదు. నెట్‌వర్కు కార్డుకు దాని సొంత డ్రైవరు ఉంటుంది. కేబులు రెండు చివరలా విద్యుత్ సంకేతం అందుతోందని మాత్రమే ఆ లైటు చెబుతుంది. వాకిలి తెరిచి ఉంది అంటుందే తప్ప ఇంట్లో మనిషి ఉన్నాడని అనదు. విండోస్ కూడా మూలన రెండు చిన్న తెరల బొమ్మ చూపించి, 100 మెగాబిట్ల వేగంతో తగిలించి ఉందని చెబుతుంది. అదీ నిజమే, అక్కడివరకే నిజం.

ఈ మెట్లన్నీ ఒకసారి కింది నుంచి పైకి ఎక్కి చూద్దాం, ఎందుకంటే ఏ మెట్టు పోతే ఏ లక్షణం కనిపిస్తుందో తెలిస్తే సగం వైద్యం అయినట్టే. అడుగున కార్డు డ్రైవరు. అది పోతే నెట్‌వర్కు బొమ్మే మాయమవుతుంది. దాని మీద టీసీపీఐపీ. అది పోతే 127.0.0.1 కూడా పలకదు, ఎర్రర్ కోడ్ 2 వస్తుంది. దాని మీద ఏఎఫ్‌డీ.సిస్ అని ఇంకొక డ్రైవరు. ప్రోగ్రాములు నెట్‌వర్కుకు తెరుచుకునే కిటికీలను, అంటే సాకెట్లను, కాపలా కాసేది అది. అది పోతే "విండోస్ సాకెట్లను మొదలుపెట్టలేకపోయాను" అని పింగ్ తానే వాపోతుంది. ఆ పైన విన్‌సాక్ అనే లైబ్రరీలు. 2000 తర్వాతి మొదటి ఏళ్ళలో ప్రకటనలు చూపించే దొంగ ప్రోగ్రాములు ఈ విన్‌సాక్ గొలుసు మధ్యలో తామొక కొక్కెంలా దూరేవి. వైరస్ స్కానర్ ఆ దొంగ ఫైలును చెరిపేస్తే గొలుసులో ఆ కొక్కెం చోటు ఖాళీగా ఉండిపోయి బ్రౌజర్ మూగబోయేది. ఎంతమందికి అలా జరిగిందంటే, 2004లో వచ్చిన ఎక్స్‌పీ రెండో సర్వీస్ ప్యాక్‌లో ఆ గొలుసును మొదటి నుంచీ కొత్తగా అల్లడానికే "నెట్‌ష్ విన్‌సాక్ రీసెట్" అనే ఆదేశం పెట్టారు. ఇప్పటి విండోస్‌లోనూ అది పనిచేస్తుంది.

అన్నిటికీ పైన రెండు సేవలున్నాయి. ఒకటి డీహెచ్‌సీపీ, మన కంప్యూటర్‌కు చిరునామా అడిగి తెచ్చేది. అడిగినా ఎవరూ ఇవ్వకపోతే విండోస్ 169.254తో మొదలయ్యే చిరునామా తానే పెట్టుకుంటుంది. ఆ అంకె కనిపిస్తే మోడెం దాకా మాట చేరలేదని గుర్తు. రెండోది డీఎన్‌ఎస్, పేరును అంకెగా మార్చేది. 8.8.8.8 లాంటి అంకెకు పింగ్ పోయి, పేరుకు పోకపోతే తెగింది అక్కడ.

ఈ మెట్లు ఒకదాన్నొకటి పట్టుకొని నిలబడతాయి. ఎక్స్‌పీలో డీహెచ్‌సీపీ సేవ లేవాలంటే టీసీపీఐపీ లేచి ఉండాలి, ఏఎఫ్‌డీ లేచి ఉండాలి. కింది ఫైలు పోతే పై సేవ "నేను ఆధారపడ్డది లేవలేదు" అని 1068 అనే అంకె చూపించి కూర్చుంటుంది. చాలామంది ఆ 1068ను పట్టుకొని డీహెచ్‌సీపీని బాగుచేయబోతారు. ఏడుస్తున్న బిడ్డకు మందు పోయడం అది, జ్వరం తల్లికి ఉన్నప్పుడు.

సరే, ఫైలు లేదు. ఎలా పోయింది? ఫైళ్ళు తమంతట తాము నడిచిపోవు. హార్డ్ డిస్కు దెబ్బతిని పోవచ్చు, కానీ అలా పోయేటప్పుడు సాధారణంగా ఒక్కటే పోదు. ఒక్క ఫైలు, అదీ ఇంత ముఖ్యమైంది, శుభ్రంగా మాయమైందంటే ఎవరో తీశారు. నిన్న ఏం చేశారని అడిగాను. నిన్న యాంటీవైరస్ కొత్తది వేసి కంప్యూటరంతా స్కాన్ చేశారట. ఎర్రగా ఒక జాబితా వచ్చిందట. సాయంగా ఉండే పిల్లోడు "అన్నీ డిలీట్" నొక్కాడట. తర్వాత ఏదో సీడీ పెట్టమని విండోస్ అడిగితే క్యాన్సిల్ కొట్టాడట.

అసలు కథ దానికి ఆరేడేళ్ళ వెనక మొదలవుతుంది. 2003లో బ్లాస్టర్, 2004లో శాసర్ అనే పురుగులు ప్రపంచమంతటా కంప్యూటర్లను పట్టి పీడించాయి. పట్టుకున్న కంప్యూటర్ నుంచి ఒకేసారి వందల చిరునామాల తలుపులు తట్టడం వాటి పద్ధతి. దాన్ని నెమ్మదింపజేయడానికి మైక్రోసాఫ్ట్ 2004 ఆగస్టులో ఎక్స్‌పీ రెండో సర్వీస్ ప్యాక్‌తో పాటు టీసీపీఐపీ ఫైలులోనే ఒక కట్టడి పెట్టింది. జవాబు కోసం ఎదురుచూస్తూ సగం తెరిచి ఉన్న తలుపులు ఒకే సమయంలో పదికి మించకూడదు. మంచి ఆలోచన. అయితే టొరెంట్లతో సినిమాలు దించుకునేవాళ్ళకు ఆ పది చాలలేదు. దాంతో ఎవరో ఆ ఫైలును కోసి, పదిని వందలకు మార్చే చిన్న ప్రోగ్రాము రాసి పంచారు. అది నెట్ స్పీడ్ పెంచే మందు అన్న పేరుతో చేతులు మారింది. గుడియాత్తం దాకా వచ్చింది. మునుపెప్పుడో ఎవరో చిన్నాయన కంప్యూటర్‌లో వేశారు.

ఇప్పుడు జరిగిన తప్పు ఎవరిది? కొత్త యాంటీవైరస్ ఆ ఫైలును చూసి, ఇది మైక్రోసాఫ్ట్ చేసినది కాదు, ఎవరో కోసి కుట్టారు అంది. అది అబద్ధం కాదు. తీసేయమంటారా అని అడిగింది. పిల్లోడు తీసేయమన్నాడు. ముఖ్యమైన ఫైలు పోతే వెంటనే తిరిగి పెట్టే కాపలా విండోస్‌లో ఉంది. డీఎల్‌ఎల్‌క్యాష్ అనే ఫోల్డర్‌లో అది నకళ్ళు దాచుకుంటుంది. కానీ స్పీడ్ మందు వేసినప్పుడే ఆ నకలునూ మార్చేసి ఉంది, కాబట్టి అదీ జాబితాలోకి ఎక్కి పోయింది. ఆఖరికి విండోస్ సీడీ పెట్టమని బతిమాలింది. క్యాన్సిల్. నలుగురూ తమకు తోచిన మంచే చేశారు. అందుకే నేను వైరస్‌ను వెతకను, ముందు నిన్న ఏం మారిందని అడుగుతాను. పోయిన ఫైళ్ళలో ఎన్నో కాపలావాడి చేతిలోనే పోతాయి.

ఇక కొత్త ఫైలు తేవాలి. అంగడిలో ఉన్న సీడీ ఎక్స్‌పీ మొదటి విడతది. కంప్యూటర్ మూడో సర్వీస్ ప్యాక్‌కు చేరింది. పాత సీడీలోని ఫైలు ఇస్తే విండోస్ కాపలా తీసుకోదు. అదే విడత నడుస్తున్న ఇంకో కంప్యూటర్ నుంచి రావాలి. నా దగ్గర ఉంది. మెయిల్లో పంపి, పక్క వీధి నెట్ సెంటర్‌లో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకొమ్మని చెప్పొచ్చు. నాకు ధైర్యం చాలలేదు. 2008 నవంబరులో పుట్టిన కాన్‌ఫికర్ పురుగు అప్పటికింకా పెన్‌డ్రైవ్‌ల మీద తిరుగుతోంది. సైటుకు వెళ్ళి మందు తెచ్చుకోనివ్వకుండా యాంటీవైరస్ కంపెనీల పేర్లనే అడ్డుకునే పురుగు అది. అందుకని ఫైలును ఒక సీడీలో కాల్చాను. ఒకసారి రాసి మూసిన సీడీలోకి ఇంకేదీ దూరదు. 700 మెగాబైట్ల సీడీ, అందులో దాని రెండు వేల వంతు కూడా లేని ఒక్క ఫైలు.

వేలూరు నుంచి గుడియాత్తానికి రెండు దారులు. పాలారు దాటి కాట్పాడి, కె.వి.కుప్పం మీదుగా పోవచ్చు. లేదా హైవే మీద పళ్ళికొండ దాకా పోయి అక్కడ పాలారు దాటొచ్చు. ఎటు పోయినా ఆ ఇసుక నది ఒకసారి దాటాల్సిందే. కిటికీ పక్కన కూర్చొని లెక్క వేశాను. ఈ ఫైలే నెట్ మీద పోతే సుమారు 250 ముక్కలవుతుంది. ప్రతి ముక్క మీద చేరాల్సింది గుడియాత్తం అని రాసి ఉంటుంది. ఏ దారిన పోవాలో ముక్కకు తెలియదు. దారిలో ప్రతి కూడలి దగ్గరా ఉన్న రౌటర్ తన పట్టీ చూసుకొని నువ్వు ఇటు పో, నువ్వు అటు పో అంటుంది. కొన్ని కె.వి.కుప్పం మీదుగా, కొన్ని పళ్ళికొండ మీదుగా పోయినట్టు పోతాయి. వెనక బయలుదేరింది ముందు చేరవచ్చు. చేరాక వాటిని వరుసలో పేర్చి, తప్పిపోయిందాన్ని మళ్ళీ పిలిపించేది టీసీపీఐపీ. అప్పటి మామూలు బ్రాడ్‌బ్యాండ్ వేగం 256 కిలోబిట్లు. ఆ వేగంలో ఈ ఫైలుకు పన్నెండు సెకన్లు చాలు. బస్సుకు గంట దాటింది. ఆ పన్నెండు సెకన్ల ప్రయాణం ఎందుకు కుదరదంటే, అటు చివర ముక్కలను అందుకొని పేర్చాల్సిన పనివాడే ఈ సీడీలో నా సంచిలో ఉన్నాడు.

అంగడిలో పని రెండు నిమిషాలు. సీడీలోంచి ఫైలును డ్రైవర్స్ ఫోల్డర్‌లోకీ, నకళ్ళ ఫోల్డర్‌లోకీ వేసి రీస్టార్ట్ చేశాను. ముందు 127.0.0.1ను పిలిచాను. నాలుగు జవాబులొచ్చాయి. మోడెంను పిలిచాను. పలికింది. 8.8.8.8ను పిలిచాను. పలికింది. ఆ తర్వాతే బ్రౌజర్ తెరిచాను. కింది మెట్టు నుంచి ఎక్కడం నాకు అలవాటు. పై మెట్టు పనిచేస్తే కిందివన్నీ పనిచేస్తున్నట్టే కదా అనొచ్చు, కానీ చిన్నాయన పక్కనే నిలబడి చూస్తున్నాడు. ఆయనకు మెట్లు కనబడాలి.

దీనికి ఇరవై ముప్ఫై రోజుల ముందే ఇలాంటి ఘటన ప్రపంచంలో చాలాచోట్ల జరిగింది. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ అనే యాంటీవైరస్ సంస్థ తన వినియోగదారులకు 5958 నంబరు వైరస్ పట్టీ పంపింది. అందులోని పొరపాటు వల్ల, ఎక్స్‌పీ మూడో సర్వీస్ ప్యాక్ ఉన్న కంప్యూటర్లలో ఎస్‌వీసీహోస్ట్.ఎగ్జీ అనే అసలు సిసలు విండోస్ ఫైలును వైరస్ అనుకొని తీసి బంధించింది. ఆ ఫైలు సైజు 14,336 బైట్లు. పధ్నాలుగు కిలోబైట్లు. కానీ విండోస్‌లో డజన్ల కొద్దీ సేవలు తమకంటూ సొంత ఇల్లు లేకుండా ఆ ఒక్క ఫైలు నీడలో కాపురం ఉంటాయి. చిరునామా తెచ్చేది, పేర్లు విప్పేది, ప్రోగ్రాముల మధ్య మాటలు మోసేది, అన్నీ అక్కడే. ఆ నీడ పోగానే కంప్యూటర్లు నెట్‌వర్కు నుంచి తెగిపోయి, తమంతట తాము ఆగి లేస్తూ, లేచి ఆగుతూ ఉండిపోయాయి. అమెరికాలో ఆసుపత్రులు, ఆస్ట్రేలియాలో సూపర్‌మార్కెట్లు ఇబ్బంది పడ్డాయి.

తప్పు తెలిసిన కొన్ని గంటల్లోనే సరైన పట్టీ సిద్ధమైంది. కానీ దాన్ని పంపేది ఎలా? నెట్ మీద పంపాలి. నెట్టే పోయింది. ప్రతి సంస్థలోనూ కంప్యూటర్ పనివాళ్ళు సీడీలు, పెన్‌డ్రైవ్‌లు పట్టుకొని ఒక్కో బల్ల దగ్గరికీ నడిచి, బాగున్న కంప్యూటర్ నుంచి ఆ 14,336 బైట్లను చేత్తో మోసి పెట్టారు. వాళ్ళు చేసింది నేను పాలారు దాటి చేసిన పనే.

పధ్నాలుగేళ్ళకు అదే పాఠం తలకిందులుగా వచ్చింది. 2024 జులై 19, మన గడియారంలో ఉదయం 9 గంటల 39 నిమిషాలకు క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన 291 నంబరు ఫైలు విండోస్‌ను కూలదోసింది. ఆ సంస్థ అధిపతి జార్జ్ కర్ట్జ్ 2010లో మెకాఫీ సాంకేతిక విభాగానికి అధిపతిగా ఉన్నవారే. ఈసారి పోయిన ఫైలు లేదు, వచ్చిన ఫైలే చెడ్డది. కొత్త నియమం 21 విలువల కోసం చూస్తే, చదివే ప్రోగ్రాం దగ్గర 20 మాత్రమే ఉన్నాయి. లేని ఇరవై ఒకటో దాని కోసం మెమరీలో తన హద్దు దాటి చెయ్యి పెట్టింది. నీలం తెర. 78 నిమిషాల్లో సంస్థ ఫైలును సరిచేసింది, కానీ అప్పటికి మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల కంప్యూటర్లు పడిపోయాయి. ఆ రోజు శంషాబాద్ విమానాశ్రయంలో ఒక ప్రయాణికుడికి చేత్తో రాసి ఇచ్చిన బోర్డింగ్ పాస్ ఫోటోను దేశమంతా చూసింది. మందు మళ్ళీ పాతదే. మనిషి యంత్రం దగ్గరికి పోవాలి, సేఫ్ మోడ్‌లో లేపాలి, ఆ ఒక్క ఫైలును చెరపాలి.

ఇప్పటి విండోస్‌లో మూల ఫైళ్ళకు కాపలా గట్టిది. యజమాని తలచుకున్నా ఒక్క నొక్కుతో చెరపలేడు. పోయినా, లోపల ఒక గోదాములో నకళ్ళు ఉంటాయి. "ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ" అని ఆదేశిస్తే ఒక్కో ఫైలునూ గోదాముతో పోల్చి చూసి పోయినదాన్ని తిరిగి పెడుతుంది. ఆ గోదామే పాడైతే "డిజమ్" అనే మరో ఆదేశం ఉంది. అది మామూలుగా మైక్రోసాఫ్ట్ నుంచి నెట్ మీద కొత్త నకళ్ళు తెచ్చుకుంటుంది. నెట్ లేనప్పుడు ఏం చేస్తుంది? ఏమీ చేయలేదు. అందుకే నెట్ బాగున్న రోజే మైక్రోసాఫ్ట్ సైటు నుంచి విండోస్ ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ ఒకటి చేసి పెట్టుకుంటే, ఆ ఆదేశానికి ఇక్కడి నుంచి తీసుకో అని దాన్ని చూపించవచ్చు. అది ఎనిమిది జీబీ పెన్‌డ్రైవ్ ఖర్చు. ఇంకొక మాట, నేను బతిమాలి చెప్పే మాట. ఫైలు పేరు కొట్టి వెతికితే ఉచితంగా దించుకొమ్మనే సైట్లు డజను కనిపిస్తాయి. వాటి నుంచి మూల ఫైళ్ళు దించుకోకండి. చిన్నాయన కంప్యూటర్‌లోకి స్పీడ్ మందు వచ్చింది అలాంటి చోటు నుంచే.

అంగడి ఇప్పటికీ ఉంది. ఎక్స్‌పీ పోయింది, పాత తీగ పోయి ఫైబర్ వచ్చింది. ప్లస్ టూ ఫలితాలు పిల్లలు తమ ఫోన్లలోనే చూసుకుంటున్నారు. ఇప్పుడు వచ్చేవాళ్ళకు పట్టా నకళ్ళు కావాలి, వేలూరు సీఎంసీ ఆసుపత్రి అపాయింట్‌మెంట్ కావాలి. స్విచ్‌బోర్డు పక్కన గోడకు అట్టముక్క ఒకటి అంటించి ఉంటుంది. దాని మీద చిన్నాయన చేతిరాతతో పై నుంచి కిందికి నాలుగు చిరునామాలు, ఒక్కోదాని పక్కన తెలుగులో ఒక్కో మాట. నేను. మోడెం. బయట. పేరు.

మొన్న వానకాలంలో మళ్ళీ ఫోన్ వచ్చింది.

"అబ్బోడా, నేను పలకతా ఉండాను, మోడెం పలకతా ఉండాది. బయట పలకడంల్యా. లైన్‌మేన్‌కి చెప్పేసినా. నీకు ఊరికే చెప్దామని చేసినా."